రవినేశ్ నాయుడు మీద వచ్చిన ఫోను

ఆ మనిషి మెట్లెక్కుతుంటే కింద పచారీ కొట్టులో సీసాలు గలగలమన్నాయి. శ్రీపతి డిటెక్టివ్ ఆఫీసు ఆక్లండ్ శివారు పాపటోయిటోయిలో ఆ కొట్టు మీదనే ఉంది. గుమ్మం నిండా నిలబడ్డ ఆకారాన్ని చూసి అసిస్టెంటు అలేఖ్య టైపు చేయడం ఆపేసింది. అంత మనిషీ వచ్చి, పరీక్ష తప్పిన పిల్లాడిలా కుర్చీ అంచున ఒదిగి కూర్చున్నాడు.

"నా పేరు రవినేశ్ నాయుడు. రగ్బీ ఆడతాను. ఆడతాను అనాలో, ఆడేవాణ్ని అనాలో శుక్రవారం తేలుతుంది," అన్నాడు ఇంగ్లీషులో.

అది 2006 అక్టోబరు. అతను పుట్టింది ఫిజీలో, తాతముత్తాతలు తెలుగువాళ్లు. పామర్‌స్టన్ నార్త్ జట్టుకు వింగర్‌గా ఆడుతున్నాడు. వింగర్ అంటే మైదానం అంచున ఒంటరిగా నిలబడి, బంతి తన దాకా వస్తే పరుగు తీసేవాడు. ఇరవై ఎనిమిదేళ్లు నిండాక, ఇక రాదనుకున్న అవకాశం వచ్చింది. దక్షిణ దీవిలోని ఒక పెద్ద జట్టు ప్రొఫెషనల్ కాంట్రాక్టు ఇస్తామంది. ఆ వారంలోనే ఎవరో పామర్‌స్టన్ నార్త్ జట్టు డాక్టరు క్లినిక్‌కి ఫోన్ చేసి, రవినేశ్ డ్రగ్స్ తీసుకుంటున్నాడని చెప్పారు. పేరు చెప్పలేదు.

"పరీక్ష చేశారా?" శ్రీపతి అడిగాడు.

"చేశారు. ఏమీ లేదు. కానీ కొన్ని డ్రగ్స్ పరీక్షకు దొరకవట. ఆ ఫోన్ ఎవరిదో, ఎందుకు చేశారో శుక్రవారం లోపల తేలకపోతే ఇంకో కుర్రాడితో సంతకం చేయిస్తారు. ఈ వయసులో నన్ను మళ్లీ ఎవరూ పిలవరు."

"ఎవరి మీదైనా అనుమానం ఉందా?"

"అనీషా. మా పెళ్లి కుదిరింది. తనే వద్దంది. ఫోన్ చేసింది కూడా ఆడమనిషేనట."

"నీతో ఎవరుంటారు?"

"ఫ్లాట్‌లో వంశీకృష్ణ అని ఒక ఆంధ్రా స్టూడెంట్. ఆక్లండ్‌లో మా అత్త. అమ్మానాన్న పోయాక నన్ను పెంచింది ఆవిడే."

"సాయంత్రాలు ఏం చేస్తుంటావు?"

రవినేశ్ తన చేతులవైపు చూసుకున్నాడు. "నిద్రపోతాను."

"ఆట లేని రోజుల్లో?"

"నిద్రపోతానన్నాను కదా."

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టుంది వ్యవహారం. అలేఖ్య ఆ మాట పైకి అనలేదు. శ్రీపతి మాత్రం ఇంకో ప్రశ్న వేయకుండా అతనికి టీ పోశాడు. ఈయన గట్టిగా అడగాల్సిన చోట టీ పోస్తాడేమిటని అలేఖ్య లోలోపల విసుక్కుంది. ఆరు నెలలుగా అలా విసుక్కుంటూనే ఉంది, ప్రతిసారీ ఆయనదే పైచేయి అవుతూనే ఉంది.

రవినేశ్ మేనత్త అంజని ఇల్లు అక్కడికి రెండు వీధుల అవతలే. శ్రీపతీ అలేఖ్యా వెళ్లేసరికి ఆవిడ ఎయిర్‌పోర్టు దగ్గర గోడౌన్‌లో ప్యాకింగ్ పని చేసి అప్పుడే వచ్చింది. తెలుగు వినబడేసరికి ఆవిడ ముఖం వెలిగింది.

"కూకో బేటీ. ఈ మాట ఇని ఎన్నాళ్లయిందో. నా తెలుగు మా నాయనది. ఫిజీలో, లంబాసాలో చెరుకు తోట ఉండె. నాయన డబ్బా ఈపున కట్టుకొని మందు కొట్టేవాడు. ఆ మందే ఆయన గుండెను తినేసింది. ఒకనాడు గట్టు మీద కూలబడి మళ్లీ లేవలా."

గోడ నిండా పేపర్లో పడిన రవినేశ్ ఫొటోలు. బల్లకు రెండు కుర్చీలు ఉన్నాయి గానీ ఒకదాని మీద ఉతికిన బట్టలు పేర్చి ఉన్నాయి. అలేఖ్య కోసం ఆవిడ వాటిని తీసి పక్కన పెట్టింది. ఊరి అవతలి కొసన హాబ్సన్‌విల్‌లోని తన అద్దెగదిలో రెండో కుర్చీ మీద కూడా ఎప్పుడూ బట్టలే ఉంటాయని గుర్తొచ్చి అలేఖ్యకు ఎక్కడో కలుక్కుమంది.

"రవి తాగుతాడా అత్తా?" శ్రీపతి అడిగాడు.

"దారూ ముట్టడు మావాడు. ఒట్టు." ఆవిడ గోడ మీది ఫొటోల వైపు చూసింది. "వాడి గుండె చూశారా డాక్టర్లు? ఏమీ కాదు గదా?"

మర్నాడు కారులో పామర్‌స్టన్ నార్త్ చేరారు. దారి పొడుగునా వాన. క్లినిక్‌లో ఫోన్ ఎత్తిన అమ్మాయికి ఆ మాటలు బాగానే గుర్తున్నాయి.

"ఇంగ్లీషు కొంచెం వింతగా ఉంది. 'రవినేశ్ గదిలో ఒక్కడే మెడిసిన్ హిట్ చేస్తున్నాడు. గుండె చూడండి. వాణ్ని తిట్టకండి' అంది. సూదులు పొడుచుకుంటున్నాడు కాబోలనుకుని మేనేజర్‌కి డ్రగ్స్ అని మాత్రమే చెప్పాను."

అక్కడి నుంచి అనీషా పనిచేసే హాస్పిటల్‌కి వెళ్లారు. ఆమె నర్సు. అలేఖ్య దృష్టిలో అప్పటికే సగం దోషి.

"నేను చెయ్యాలనుకుంటే మందు పేరూ, మోతాదూ చెప్పి చేసేదాన్ని. నాకా అవసరం లేదు," అంది అనీషా ఇంగ్లీషులో. "రవి చెడ్డవాడు కాదు. పక్కన కూర్చుంటే గోడ పక్కన కూర్చున్నట్టుంటుంది. ఏమైందంటే ఏమీ లేదంటాడు. ఎన్నేళ్లని గోడతో మాట్లాడను?"

ఆఖరున ఫ్లాట్. పాలపొడి మీద రీసెర్చి చేస్తున్న వంశీకృష్ణది గుంటూరు వైపు. మాట మొహమాటం లేకుండా వస్తుంది.

"నేను ల్యాబ్ నుంచి వచ్చేసరికి వాడి గది తలుపు వేసే ఉంటుంది సార్. ఆదివారం ఆక్లండ్ నుంచి వాళ్ల అంజని ఆంటీ ఫోన్ చేస్తారు. వాడు రెండు ముక్కలు మాట్లాడి నాకిచ్చేస్తాడు. నా తెలుగు వింటే ఆంటీకి అదో సరదా."

"తలుపు వేసుకుని ఏం చేస్తాడు?"

"అది వాణ్నే అడగండి సార్. ఫ్లాట్‌లో మాట బయట చెప్పకూడదు."

"ఆంటీకి చెప్పావుగా?"

"ఆంటీ బయటివాళ్లు కాదు కదండీ," అన్నాడు వంశీకృష్ణ తడబడుతూ.

తిరిగి వస్తుంటే అలేఖ్య ఉండబట్టలేక అడిగేసింది. "అనీషా కాకపోతే ఇంకెవరు సార్?"

"పగబట్టినవాళ్లు 'వాణ్ని తిట్టకండి' అంటారా అమ్మాయీ?" అన్నాడు శ్రీపతి.

శుక్రవారం మధ్యాహ్నం పామర్‌స్టన్ నార్త్ క్లబ్బు గదిలో అందరూ చేరారు. రవినేశ్ జట్టు మేనేజర్ గ్రాహమ్ చేతులు కట్టుకుని కూర్చున్నాడు. అనీషా కిటికీ దగ్గర నిలబడింది. వంశీకృష్ణ తలుపు పక్కన ఉన్నాడు. అంజనిని శ్రీపతి తన కారులోనే తీసుకొచ్చాడు. లోపలికి వెళ్లేముందు ఆయన రవినేశ్‌ని వరండాలో ఆపాడు.

"నిజం చెబితే డ్రగ్స్ మాట పోతుంది. దాని బదులు ఇంకొకటి బయటపడుతుంది. అదేమిటో నీకు తెలుసు. చెప్పమంటావా?"

రవినేశ్ ఖాళీ మైదానం వైపు చూశాడు. "చెప్పండి అంకుల్. దాచి దాచి అలసిపోయాను."

శ్రీపతి గదిలో అందరి మధ్యా నిలబడ్డాడు. "ఇంగ్లీషులో ఎవరూ మెడిసిన్‌ని హిట్ చేయరు. తెలుగులో చేస్తారు. అంటే ఆ ఫోన్ చేసినవాళ్లు తెలుగులో విన్న మాటను ఇంగ్లీషులోకి మార్చారు. అనీషాకి తెలుగు రాదు. వంశీ, ఆంటీతో నువ్వన్న మాట ఉన్నదున్నట్టు చెప్పు."

వంశీకృష్ణ తల దించుకున్నాడు. "'రవి రోజూ గదిలో ఒక్కడే కూర్చుని మందు కొడుతున్నాడు ఆంటీ' అన్నాను."

"అలేఖ్యా, నీకేం అర్థమైంది?"

"తాగుతున్నాడని," అంది అలేఖ్య. అన్నాక తెల్లబోయింది. చిన్నప్పటి నుంచి వింటున్న మాట, ఇన్ని రోజులూ ముక్కు ముందరే ఉంది.

"అంజనత్తా, మీకేం అర్థమైంది?"

ఆవిడ రవినేశ్ వైపు చూసింది. "మందంటే మందే గదా. ఆటగాళ్లు బలానికి ఏసుకుంటారని టీవీలో చూపెట్టిరి. మా నాయన లెక్క వీడూ కూలిపోతాడని బయమేసింది. డాక్టరు కాపాడతాడని ఫోన్ చేసినా."

"సారాయికి మందు అని పేరొచ్చింది మన ఊళ్లలో," అన్నాడు శ్రీపతి. "అంజనత్త తెలుగు అంతకుముందే ఓడెక్కి ఫిజీ వెళ్లిపోయింది. ఆవిడ భాషలో మందు కొడితే పురుగైనా చావాలి, మనిషైనా చావాలి. గుండె సంగతి క్లినిక్ వాళ్లు ఎవరికీ చెప్పకముందే ఆవిడ నన్ను అడిగారు. తర్వాత క్లినిక్‌లో అదే మాట వినగానే నాకు సందేహం వచ్చింది." ఆ మాటలనే గ్రాహమ్ కోసం ఇంగ్లీషులో మళ్లీ చెప్పాడు.

గ్రాహమ్ రవినేశ్ వైపు తిరిగాడు. "తాగుతున్నావా?"

"అవును. మ్యాచ్ ముందు రోజు తాగను. మిగతా రోజుల్లో." రవినేశ్ కిటికీ బయటికి చెయ్యి చూపించాడు. "మైదానంలో అంతమంది నా పేరు పెట్టి అరుస్తారు. ఇంటికెళ్తే ఒక్క గొంతూ ఉండదు. మొదట నిద్ర కోసం తాగాను. తర్వాత అలవాటైంది."

గ్రాహమ్ కట్టుకున్న చేతులు విప్పాడు. ఆయనా ఒకప్పుడు ఆడినవాడే. "డ్రగ్స్ ఫైలు మూసేస్తున్నాను. దక్షిణ దీవి జట్టుకి నేనే చెబుతాను. సాయంత్రం వాళ్ల కాంట్రాక్టు మీద సంతకం చెయ్యి. సోమవారం నాతో డాక్టరు దగ్గరికి వస్తున్నావు. అడగడం లేదు, చెబుతున్నాను," అని లేచి వెళ్లాడు. వెళ్తూ వెళ్తూ అతని భుజం మీద చెయ్యి వేశాడు.

అంజని కుర్చీలోంచి లేవలేదు. "నా చేతులతో నేనే నీ నోట మట్టి కొట్టబోయాను గదరా. నాతో చెప్పకపోతివి. ఆదివారం ఆదివారం బాగుండావా అంటే, బాగుండా అంటివి."

రవినేశ్ వచ్చి ఆవిడ కాళ్ల దగ్గర నేల మీద కూర్చున్నాడు. అతనికి వచ్చిన కాస్త తెలుగునూ కూడగట్టుకున్నాడు.

"నువ్వు కూడా బాగుండా అన్నావు గదా, అత్తా."

అంజని అతని తల మీద చెయ్యి వేసింది. శ్రీపతి అలేఖ్యకు కళ్లతో సైగ చేశాడు. అనీషా, వంశీకృష్ణ కూడా వాళ్ల వెంట బయటికి నడిచారు. తలుపు దగ్గరగా వేస్తుంటే అలేఖ్యకు ఆవిడ గొంతు వినిపించింది.

"లేదురా," అంటోంది అంజని. "బాగలేను."