సీసం కరిగేలోగా

1864. పోదనూరు రైల్వే యార్డులో బండి ఇరుసులకు కొవ్వు పూసే తంగవేల్‌ను తెల్లవారగానే ఎవరో పొడిచి చంపారు. గంటలోపే ఆ పనిలోకి కొత్త మనిషి వచ్చాడు. పేరు ఆండియప్ప అన్నాడు. అసలు పేరు అళగిరిసామి, సింగానల్లూరు నాయుడు, సర్కారు సీక్రెట్ ఏజెంటు.

అతన్ని పంపిన తెల్లదొర బ్రీఫింగ్ రెండు ముక్కల్లో ముగించాడు. తిరుప్పూరు స్టేషన్లో సిపాయిల రైలు ఆగి ఉంటుంది. ఇక్కణ్నుంచి వెళ్లే మన మందుగుండు వ్యాగన్‌ను దాని పక్కన పేల్చాలని ఒక విదేశీ ముఠా ప్లాను. ఎలాగన్నది తెలియదు.

తెలిసింది పాంచాలికి. ముత్యాలు అమ్ముకునేదాని వేషం, కళ్లు తిప్పుకోనివ్వని అందం. ముఠాకూ సర్కారుకూ రెండువైపులా వార్తలు మోసే మనిషి. అళగిరిసామికి ఇదివరకే రెండుసార్లు అబద్ధం చెప్పింది. ఆ ఉదయం తనంతట తానే వచ్చి ఒప్పుకుంది. తంగవేల్‌ను వలలో వేసుకుని, వ్యాగన్ ఇరుసు మీది ఇత్తడి బేరింగు తీయించి ఇనుపది పెట్టించింది తానే. అతను భయపడి నోరు విప్పబోతే ముఠా చంపేసింది.

ఇరుసు కొననూ బేరింగునూ కప్పి ఉంచే ఇరుసుపెట్టె మీద దొర చెయ్యి వేసి చూశాడు. చల్లగా ఉంది.

"కయ్యి పెడితే తెలీదు సామీ," అంది పాంచాలి. "వండి ఓడేటప్పుడు, చక్రాలు తిరిగేటప్పుడు, ఇనుమూ ఇనుమూ రాసుకునే చోటే నిప్పు ఉండాది."

ఆమె మాట మీద రైలు ఆపనన్నాడు దొర. అళగిరిసామికీ నమ్మకం కుదరలేదు. ఆమెను గదిలో పెట్టి తాళం వేయించి, రైలు చివర కదులుతున్న మందుగుండు వ్యాగన్ ఎక్కాడు.

అతని దగ్గర మైనం పూసిన దారం, తగరం తీగ, సీసం తీగ ఉన్నాయి. మైనం నూట నలభై అయిదు ఫారన్‌హీట్ డిగ్రీలకు కరుగుతుంది, తగరం నాలుగు వందల యాభైకి, సీసం ఆరు వందల ఇరవైకి. ఫుట్‌బోర్డు మీద వేలాడుతూ, కొవ్వు పోసే రంధ్రంలోంచి దారాన్ని ఇరుసుకు తాకించాడు. మైనం పోయింది. అది ఏ బండికైనా పోయేదే. సోమనూరు దాటాక తగరం కరిగింది. పెట్టె మీద అరచెయ్యి ఆనించాడు. గోరువెచ్చన, అంతే. పాంచాలి నిజం చెప్పింది.

తిరుప్పూరు సిగ్నల్ కనబడేసరికి సీసం చుక్కలై రాలింది. రంధ్రంలోంచి నీలిపొగ లేచింది. డ్రైవర్ వేగం తగ్గించాడు, ముందు పెట్టెతో కలిపే కప్లింగ్ గొలుసు సడలింది. అళగిరిసామి ముందుకు పాకి దాని కొక్కెం ఎత్తేశాడు. రైలు ముందుకు సాగిపోయింది. చిట్టచివరి వ్యాగన్ ఒంటరిగా జారిజారి ఆగింది. తోలుతిత్తిలోని నీళ్లు మొత్తం ఇరుసు మీద కుమ్మరించాడు. పైన మందుగుండు పీపాలు మోస్తున్న చెక్క అప్పటికే నల్లగా మాడింది.

సాయంత్రం తిరిగొచ్చేసరికి గది తాళం తెరిచి ఉంది. కాపలావాడు లేడు. పాంచాలి మెడకు తీగ బిగించి ఉంది. అళగిరిసామి ఆమె పక్కన కూర్చుండిపోయాడు. ఆ తాళం వేయించింది తనే.

మర్నాడు రైల్వే ఆఫీసు నుంచి మెమో వచ్చింది. రైలు పదకొండు నిమిషాలు ఆలస్యమైనందుకు సంజాయిషీ చెప్పవలెనట.