అత్తయ్య మిఠాయి దుకాణం

“ఏ పాపిష్ఠిది ఫోన్ చేసిందో గానీ హిమజా... కార్మిక శాఖ నుంచి తనిఖీకి వచ్చారే! నువ్వే నన్ను కాపాడాలి!”

వేదవతి పరుగున లోపలికి వచ్చింది. పాపకూర అనే ఆ విదేశీ పట్టణంలోని మిఠాయి దుకాణం వెనుక వంటగదిలో బూందీ దూస్తున్న హిమజ చేయి ఆగిపోయింది. ఆ ఫోన్ చేసిన పాపిష్ఠిది తానేనని ఎలా చెప్పగలదు!

తల్లి పోయిన పసిదాన్ని ఒడిలో పెట్టుకుని పెంచిన మేనత్త వేదవతి. హిమజ భర్తను పోగొట్టుకున్నప్పుడు, కూతురు లాస్యతో సహా ఈ దేశానికి రప్పించుకున్నదీ ఆమే. కానీ హిమజ వీసా ఆ దుకాణానికే ముడిపడి ఉంది. తెల్లవారి పొయ్యి వెలిగించింది మొదలు కళాయిలు తోమేదాకా ఒకటే చాకిరీ! జీతం మాటెత్తితే, “ఇంటిపిల్లవు, నీకు జీతమేమిటే పిచ్చిదానా!” అనే నవ్వు! ప్రేమను అడ్డుపెట్టుకుని దోచినా అది దోపిడీయే. అయినా, ఆ మాట మేనత్త ముఖం మీద అనగల నోరు హిమజకు ఏదీ!

మూలన కూర్చుని లాస్య బడికోసం అట్టముక్కలతో ఒక ఇల్లు కడుతోంది. అది పూర్వకాలపు అమెరికా వలస రాజ్యాలలోని ఇల్లు. కొవ్వొత్తులు పోసే పొయ్యి, నూలు వడికే రాట్నం, వాటి నడుమ ఒక పనిపిల్ల బొమ్మ. ఓడ ఖర్చు పెట్టుకున్న యజమానురాలికి ఏళ్ళ తరబడి కట్టుబడిన పిల్ల! “అమ్మా, ఈ గర్ల్ సేమ్ నీలాగే!” అని మొన్న లాస్య అన్న ఆ ఒక్క మాటకే హిమజ తెగించి ఫోన్ చేసింది.

తనిఖీ అధికారిణి లోపలికి వచ్చి మృదువుగా అడిగింది: “మీకు జీతం సరిగా అందుతోందా? వీసా గురించి భయపడకండి. దానికి వేరే దారి ఉంది.”

లాస్య అట్టముక్క పక్కన పెట్టి తల్లివైపు తిరిగింది. వేదవతి కళ్ళొత్తుకుంది. ఆ ముంజేతి మీద కాలిన మచ్చ... చిన్ననాడు జ్వరంతో ఉన్న హిమజకు కాపడం పెడుతూ కాల్చుకున్న మచ్చ! హిమజ తల దించుకుంది.

“ఈవిడ మా అత్తయ్యండీ... జీతం బాగానే ఇస్తున్నారు. ఫోన్ చేసినవారెవరో పొరబడి ఉంటారు.”

అధికారిణి మరొక్కసారి అడిగి, నిట్టూర్చి వెళ్ళిపోయింది.

“నా బంగారుతల్లీ!” అంటూ వేదవతి మేనకోడలి నోట్లో లడ్డూ పెట్టి భోరుమంది. ఆ కన్నీళ్ళలో అబద్ధం లేదు. అదే హిమజ దురదృష్టం! మరుక్షణమే, “నూనె మాడిపోతోంది చూడవే, సాయంత్రం పెళ్ళి ఆర్డరుంది!” అని దుకాణంలోకి వెళ్ళిపోయింది.

లాస్య కళ్ళనిండా నీళ్ళు. “వై అమ్మా? ఆ కాలంలో కూడా ఈ గర్ల్ జడ్జి దగ్గరికెళ్ళి కంప్లైంట్ చేయొచ్చట! నిన్ను వాళ్ళే వచ్చి అడిగారు కదా!”

హిమజ నోట్లోని లడ్డూ మింగేసి, పొయ్యి మంట తగ్గించింది.

“ఆ పిల్లకు యజమానురాలే ఉందమ్మా... నాకు అత్తయ్య ఉంది!” అంటూ హిమజ బూందీ గరిటె అందుకుంది.