అమ్మలకు ఆకలి తక్కువ

మక్తల్‌లో మధ్యాహ్నం భోజనపు కూత వినపడగానే ప్రతి ఇంటి గోడలోనూ అన్నవాహిక తెరుచుకుని పళ్ళేలు బయటికి జరిగాయి. తొమ్మిదేళ్ళ తులజ పళ్ళెంలో అన్నం, పుంటికూర పప్పు, గుడ్డు వచ్చాయి. ఆమె తల్లి మన్నెమ్మ పళ్ళెంలో పిడికెడు అన్నం, దాని మీద చెంచాడు పప్పు. మన్నెమ్మకు ఆరో నెల. కడుపులో బిడ్డ ఎదగడం లేదని పొద్దున్నే నర్సు చెప్పి వెళ్ళింది.

పేదరికం అంతమైందని ప్రపంచం చాటుకుని అప్పటికి ఒక తరం గడిచింది. చాటుకోవడంలో అబద్ధమేమీ లేదు. భూమ్మీద పండిందంతా అందరి సొత్తు. ప్రతి మనిషి మణికట్టుకూ ఒక ఆకలికడియం ఉంటుంది. నిన్న ఎంత మింగారో అది లెక్కపెడుతుంది, ఇవాళ అంతే వస్తుంది. ఆకలి పెరిగిందేమో తెలుసుకోవడానికి పూటకొక పరీక్షముద్ద ఎక్కువ పెడుతుంది. అది తింటే రేపటి నుంచి పెంచుతుంది, తినకపోతే ఆ మేరకు తగ్గిస్తుంది. గింజ వృథా కాదు. ఎవరి పలుకుబడీ చెల్లదు.

ఇంత తెలివిగల ఏర్పాటుకు తెలియని సంగతి ఒక్కటే. కాపురానికి వచ్చిన నాటి నుంచి మన్నెమ్మ ఆ ముద్ద తన నోట పెట్టుకోలేదు. సౌరక్షేత్రంలో పనిచేసే పెనిమిటి కుర్మయ్య వారానికోసారి ఇంటికొస్తే, తినవయ్యా అని బతిమాలి అతని పళ్ళెంలో వేసేది. మిగతా రోజుల్లో కూతురికి. తల్లి అలాగే చేసేది, కడియాలు రాకముందు తల్లి తల్లీ అలాగే చేసేది. అందులో గొప్పేముందని ఎవరూ అనుకోలేదు. నెల తప్పాక కడియం గుర్తుపట్టి పెద్ద ముద్దలే పంపింది. వేవిళ్ళలో అవి నోటికి సహించక మిగిలిపోయాయి. ఈమెకు అక్కర్లేదని కడియాల వెనకున్న యంత్రం తీర్మానించుకుంది.

ఆ మధ్యాహ్నమే మన్నెమ్మ కూతుర్ని వెంటబెట్టుకుని, కడియాల లెక్కలు చూసే తృప్తి కేంద్రానికి వెళ్ళింది. అక్కడి అధికారి వైజయంతి లేచి కుర్చీ వేసి, మంచినీళ్ళిచ్చి, సంగతంతా ఓపికగా విన్నది.

“బిడ్డ పెరుగుతలేదంటున్నరు మేడం. నాకింత ఎక్కువ పెట్టుమని దానికి జెప్పున్రి,” అంది మన్నెమ్మ.

“చెప్పనీకె మీట లేదమ్మా. ఉంటే, ఎన్కటి లెక్కనే పెద్దోళ్ళే నొక్కుకుంటుండిరి. అందుకే పెట్టలే.”

వైజయంతి గోడ మీద ప్రపంచపటం వెలిగించింది. అన్ని దేశాలూ కడుపు నిండిన గుర్తుగా పచ్చగా ఉన్నాయి. ఆ పచ్చదనంలో ప్రతిచోటా పాలిపోయిన చుక్కలున్నాయి, లెక్కలేనన్ని. అవేమిటని మన్నెమ్మ అడిగింది.

“వాళ్ళంత తల్లులమ్మా. ఏ దేశంల జూసినా అంతే. తల్లులకు ఆకలి తక్కువుంటదని యంత్రం కనిపెట్టింది.”

ఆ మాట ఆమె శాస్త్రం చెప్పినట్టే చెప్పింది. చెబుతూ చెయ్యెత్తితే ఆమె కడియం మోచేతి దాకా జారింది. మన్నెమ్మ కళ్ళు ఆ ఎండిన చేతి మీదే నిలిచాయి. వచ్చిన ముద్ద ఎవరికీ పెట్టకుండా తినమని, కడియం నోట్లోకి పోయిందే లెక్కపెడుతుందని, కొన్నాళ్ళకు పెరుగుతుందని వైజయంతి మరీమరీ చెప్పింది. బిడ్డ అన్నాళ్ళు ఆగుతుందా అని అడిగితే, పటం ఆర్పేసి ఇంకో గ్లాసు మంచినీళ్ళిచ్చింది.

రాత్రి భోజనానికి మన్నెమ్మ గోడవైపు తిరిగి కూర్చుంది. పెళ్ళయ్యాక తన పరీక్షముద్ద తాను తినడం అదే మొదలు. దొంగతనం చేస్తున్నట్టు పళ్ళేన్ని కొంగుచాటు చేసుకుంది. కూతురు పక్కనుండగా తానొక్కతే మింగడం ఇంత కష్టమని ఆమెకు తెలియదు. సిగ్గుతో చచ్చిపోయింది. అయినా తిన్నది.

తులజ లేచి వచ్చి తల్లి ముందు చతికిలబడింది. తన పళ్ళెంలోంచి ముద్ద కలిపి తల్లి నోటి దగ్గర పెట్టింది. మన్నెమ్మ తల తిప్పుకుంది. ఇది నేను తింటే నీకు రేపు తగ్గుతుందే, వద్దని కసిరింది.

“నాకు కడుపు నిండిందమ్మా. తమ్మునికి పెడుతున్న, నీకు గాదు,” అంది తులజ.

పిల్ల ఇంకా నాలుగు మెతుకులైనా తినలేదు. అయినా ఎంత చక్కగా నవ్వింది, పొట్ట ఎలా నిమురుకుంది. ఇది దీనికి ఎవరు నేర్పారని మన్నెమ్మ గుండె భగ్గుమంది. నోరు తెరిచి తిట్టబోయేసరికి ముద్ద లోపలికి వచ్చేసింది. ఉమ్మేస్తే అది ఎవరి లెక్కలోకీ రాదు. మింగితే తన లెక్కలో చేరుతుంది, కానీ ఎలాగూ రేపు కూతురి పళ్ళెం తరుగుతుంది. లోపలి బిడ్డ కదలక పొద్దుటి నుంచి కడుపు బండబారి ఉంది.

ఈ ప్రపంచంలో ఆకలి తీరదని, ఒకరి నోటినుంచి ఇంకొకరి నోటికి మారుతుందంతేనని ఆమెకు తోచింది. తులజను కడుపుకు హత్తుకుని ఏడ్చింది. ఏడుస్తూనే నమిలి మింగింది. తులజ ఇంకో ముద్ద కలిపింది. మన్నెమ్మ ఆ చేతిని చూసి, కళ్ళు మూసుకుని, నోరు తెరిచింది.