మౌస్‌కి అందని బటన్

"నీ మిషన్ ఒక బటన్," అన్నాడు పెద్దాయన ఫైలు మూసేస్తూ. "వాళ్లు అది నొక్కినా డ్యామ్ గేట్లు తెరుచుకోకూడదు."

ఏ కొంపలో దూరినా మర్యాదలు చేయించుకుని మరీ బయటపడతాడని ఆ ఏజెంట్‌ని డిపార్ట్‌మెంట్‌లో అందరూ అల్లుడనే పిలుస్తారు. ఈసారి మాత్రం సంగతి వేరు. డ్యామ్ కింద లోతట్టు కాలనీలోనే అతని అక్క కాపురం. కాలనీ ఖాళీ చేయిస్తే ముఠా జాగ్రత్తపడుతుంది కాబట్టి అక్కకి కూడా చెప్పడానికి వీల్లేదన్నాడు పెద్దాయన.

విదేశీ ముఠా డ్యామ్ కంట్రోల్ సాఫ్ట్‌వేర్‌ని దొంగిలించింది. అదేమో పాతకాలపు డెస్క్‌టాప్ ప్రోగ్రామ్, వాళ్ల మెషీన్ల మీద నడవదు. స్క్రీన్లన్నీ కొత్త ఫ్రేమ్‌వర్క్‌లోకి మార్చడానికి ఓ ప్రోగ్రామర్‌ని రప్పించుకున్నారు. అతన్ని దారిలోనే కస్టడీలోకి తీసుకుని, అతని బ్యాడ్జీ, సోడాబుడ్డి కళ్లద్దాలు అల్లుడికి తగిలించారు. చేతి గడియారంలో ట్రాన్స్‌మిటర్ పెట్టారు.

ముఠా ఆఫీసులో అల్లుడి పప్పులు ఓ పట్టాన ఉడకలేదు. రాసిన ప్రతి లైనూ మేనేజర్ చదివేవాడు. ఆ పైన ప్రోగ్రామ్‌ని నడిపి పరీక్షించే టెస్టర్. సిల్కు స్కార్ఫు సర్దుకుంటూ ఆవిడ నవ్విందంటే ఆఫీసంతా పని ఆపేది. ఆ నవ్వుతోనే తప్పులు పట్టేది.

చివరికి కొత్త ఫ్రేమ్‌వర్కే దారి చూపించింది. పాతదాంట్లో హెచ్చరిక పెట్టె వస్తే, దాన్ని మూసేదాకా వెనకున్న విండో దానంతటదే లాకయ్యేది. కొత్తదాంట్లో ఆ ఫీచరే లేదు. అల్లుడు విండో మీద కనిపించని పొరొకటి పరిచాడు. క్లిక్కులన్నీ అదే మింగేస్తుంది, హెచ్చరిక మూయగానే తొలగిపోతుంది. అసలు డ్యామ్‌కి కనెక్టయినప్పుడు మాత్రం తొలగకుండా ఓ చిన్న షరతు ఇరికించాడు. మేనేజర్ గమనించలేదు. టెస్టర్ ఆ లైను దగ్గర చాలాసేపు ఆగి, పాస్ కొట్టేసింది. ఎందుకో అంతుబట్టక అల్లుడికి అన్నం సహించలేదు.

గేట్లు తెరవాలనుకున్న రోజు మిట్టమధ్యాహ్నం అల్లుడిని కంట్రోల్ రూమ్‌కి తీసుకెళ్లారు. అతను గడియారం నొక్కి కమాండోలకి సిగ్నల్ ఇచ్చాడు. మేనేజర్ హెచ్చరిక మూసి, 'గేట్లు తెరువు' మీద క్లిక్ చేశాడు. ఏమీ కాలేదు. మళ్లీ మళ్లీ చేశాడు. పిస్టల్ తీసి అల్లుడి కణతకి ఆనించాడు.

"మౌస్ మొరాయిస్తే కీబోర్డ్ ఉందిగా," అంది టెస్టర్, ముందుకు వంగుతూ.

అల్లుడు పరిచిన పొర ఆపేది మౌస్‌నే. కీబోర్డ్ సంగతే మర్చిపోయాడు. అక్క మొహం కళ్లముందు కదిలింది.

ఆవిడ ట్యాబ్ నొక్కింది. చుక్కల గీత ఒక్కో బటన్ దాటుతూ వచ్చి 'గేట్లు తెరువు' చుట్టూ ఆగింది. ఆవిడ వేలు ఎంటర్ దాకా వెళ్లి, వెనక్కొచ్చి, ట్యాబ్ మరోసారి నొక్కింది. గీత 'ఎగ్జిట్' మీదికి జరిగింది. ఎంటర్.

స్క్రీన్ నల్లబడింది.

"అయ్యో, వేలు జారింది," అంది చల్లగా. మళ్లీ లాగిన్ కావాలంటే విదేశం నుంచి కోడ్ రావాలి. మేనేజర్ పిస్టల్ ఆవిడ వైపు తిప్పేలోగా తలుపు బద్దలైంది. లోపలికి దూకిన కమాండోలు అతన్ని పడేసి, ముందుగా ఆవిడకే సెల్యూట్ కొట్టారు.

"ముఠా నాకిచ్చే జీతం మన పెద్దాయన ఇచ్చేదానికంటే ఎక్కువే," అంది ఆవిడ స్కార్ఫు సర్దుకుంటూ. "ఈసారి కీబోర్డ్ కూడా చూసుకోండి."

బయటికి రాగానే అల్లుడు అక్కకి ఫోన్ చేశాడు. ఆమె గొంతు వినగానే కళ్లు చెమర్చాయి.

"డ్యామ్ దగ్గర ఏదో చెకింగట్రా, పొద్దున్నుంచి కుళాయిలో చుక్క నీళ్లు లేవు," అంది అక్క విసుగ్గా. "గవర్నమెంటులో ఉండి ఏం లాభం, ఇలాంటివి నువ్వు పట్టించుకోవు కదా."