పేరు కుట్టిన గుడ్డ

2011 డిసెంబరు, మంగళవారం. సాయంత్రం ఏడూ పదికి ఓబులేసు కారు అద్దం తుడుస్తున్నాడు. కువైట్‌లో, సల్వా అనే పేటలో, ఒక కువైటీ ఇంట్లో అతను డ్రైవరు. రొట్టెలు తెస్తానని ఇంటి యజమానురాలికి, అందరూ మామా అని పిలిచే ఆమెకు, చెప్పి బయటికొచ్చాడు. రొట్టెల అంగడి వీధి చివరే ఉంది. అతను పోవలసింది మాత్రం సిటీకి... గోరీల దొడ్డికి.

ఆ దొడ్డికి మంచి పేరు లేదు.

బ్యాంకుల మేడల వెనక, కార్లు నిలిపే ఖాళీ జాగా పక్కన, మనిషెత్తు గోడ. లోపల ఇరవైకి మించని పాత సమాధులు. ఎప్పటి మాటో — నమ్మిన దేవుణ్ణి వదలమంటే వదలక, ఊరే వదిలి, ఎడారి దాటి వచ్చిన అర్మేనియా వాళ్లవట. దారిలో దప్పికకు వాడిపోయిన పిల్లలు ఇక్కడికి చేరాక పోయారట. అందుకే సగం గోరీలు మూరెడే.

డ్రైవర్లు చెప్పుకునేది వేరే. ఏడాదికి నాలుగు చినుకులు పడితే గొప్ప అనుకునే ఊళ్లో, చీకటి పడేసరికి ఆ రాళ్లు తడిసి ఉంటాయి. లోపల కొళాయి లేదు. నీళ్లు పోసే మనిషీ లేడు. టాక్సీ తోలే రాయచోటి బాబ్జాన్ ఒకసారి గొంతు తగ్గించి చెప్పాడు — లోపల ఎవరైనా పలకరిస్తే పలకొద్దు, మన భాషైనా సరే.

'మన భాషైనా సరే' అని ఎందుకన్నాడో ఓబులేసు అప్పుడు అడగలేదు.

ఇప్పుడు ఆ గోడ లోపల అతను విసిరిన మూట ఒకటుంది.

కిందటి వారం ఇంటి పసివాడు నాసర్‌కు జ్వరమొచ్చింది. మందులకు దిగలేదు. వాణ్ణి పొత్తిళ్లలో ఉన్నప్పటి నుంచి సాకుతున్నది రెడ్డెమ్మ. ఆ ఇంట్లో పనిమనిషి, ఓబులేసు పక్క ఊరామె. చుట్టాలెవరో వచ్చి పిల్లాడు ఎంత బాగున్నాడని అన్న రాత్రే ఒళ్లు కాలిందని రెడ్డెమ్మ లెక్క. ఉప్పూ ఎండుమిరపకాయలూ వాడి చుట్టూ తిప్పి దిష్టి తీసింది. మన ఇళ్లలో అయితే వాటిని పొయ్యిలో వేస్తారు. ఈ ఇంట్లో వేస్తే ఆ ఘాటుకు ఇల్లంతా దగ్గుతూ వంటింట్లోకి వస్తుంది. అందుకని వాడి పాత చొక్కా మెడ దగ్గరి గుడ్డ చించి, మూటగట్టి, ఎవరూ తొక్కని చోట పారేయమని ఓబులేసు చేతికిచ్చింది.

కువైట్ సిటీలో ఎవరూ తొక్కని చోటు ఎక్కడుంది? అతను గోడ మీంచి దొడ్డిలోకి విసిరాడు. పద్ధతి ప్రకారం వెనక్కి చూడకుండా వచ్చేశాడు. మర్నాటికి జ్వరం దిగింది.

ఈ సాయంత్రం రెండు సంగతులు ఒకదాని వెనక ఒకటి తెలిశాయి. ఇస్త్రీ చేస్తూ రెడ్డెమ్మ మిగతా చొక్కాల మెడ లోపల, మూట గుడ్డ మీద ఉన్నలాంటిదే ఎర్రదారపు కుట్టు చూసింది. అన్నాళ్లూ అది పువ్వో తీగో అనుకుంది. అడిగితే మామా చెప్పింది — బడిలో చొక్కాలు కలిసిపోకుండా కుట్టించిన పిల్లాడి పేరు, వంశం పేరుతో సహా. కాసేపటికి మామా తమ్ముడు వచ్చి హాల్లో కూర్చున్నాడు. రేపు పొద్దున నలుగురు మిత్రులతో ఆ పాత గోరీల దొడ్డి శుభ్రం చేయబోతున్నారట. ఇలాంటి చోట్ల చేతబడి మూటలు దొరుకుతుంటాయి కాబట్టి పోలీసును వెంట తీసుకుపోతారట.

కన్ను తగలడం వాళ్లకూ తెలుసు. కానీ గోరీల మధ్య పేరున్న మూట దొరికితే దాన్ని దిష్టి అనరు, చేతబడి అంటారు. దానికి జైలు. జైలు తర్వాత విమానం.

రెడ్డెమ్మ వంటింటి తలుపు పట్టుకుని నిలబడింది.

"బిడ్డ చల్లంగుండాలని చేస్తి ఓబులేసూ. బిడ్డకే చెరుపు చేసినానంటే... వాడు పెద్దయినాక నన్ను ఏమనుకుంటాడు?"

"నేను తెస్తాలేక్కా. నువ్వు ఇట్లనే ఏడుస్తాంటే మూట దొరక్కుండానే పట్టుకుంటారు మనల్ని."

దొడ్డి దగ్గర మేడల వెలుగు గోడ మీద ఆగిపోయింది. లోపలికి దిగలేదు. గేటుకు గొలుసు వేసి ఉంది. మూలన గోడ కూలిన చోట ఓబులేసు దూరాడు.

కాలు ఇసుకలో పడలేదు. బురదలో పడింది.

ఫోను వెలుతురులో రాళ్లు మెరిశాయి. చదవరాని అక్షరాలు. ఒక చిన్న గోరీ... పక్కన ఇంకోటి... ఇంకోటి. మూట విసిరిన వైపంతా వెతికాడు. లేదు.

చివరి గోరీ పాదాల దగ్గర కనిపించాయి.

ఒకటి కాదు — వరసగా పేర్చిన మూటలు. అన్నీ మనవాళ్ల దిష్టి మూటలే. తనొక్కడికే ఈ చోటు తోచిందనుకున్నాడు. సల్వా నుంచి ఫింటాస్ దాకా ఎంతమంది ఆయాలు తీసిన దిష్టి, ఎంతమంది డ్రైవర్లు విసిరి వెనక్కి చూడకుండా పోయారో! ప్రతి ముడీ విప్పి ఉంది. ఉప్పు కరిగిపోయింది. మిరపకాయలు నాని ఉబ్బాయి.

"ఎవురి బిడ్డ?"

వెనక నుంచి... గుసగుసగా... మన భాషలో.

బాబ్జాన్ మాట గుర్తొచ్చింది. ఓబులేసు పళ్లు బిగబట్టాడు.

"పేరు అడగలా నాయనా. పేరు నా చేతిలోనే ఉండాది. ఎవురి బిడ్డని అడుగుతాండా."

తిరిగాడు. రెండు చిన్న గోరీల మధ్య ఒక ముసలామె గొంతుక్కూర్చుని ఉంది. తల మీద ముసుగు. పక్కన చెంబు. ఒళ్లో గుడ్డముక్క. గోటితో దారం లాగుతోంది.

చెంబును చూసి అతనికి ఊపిరి తిరిగింది. పక్క మేడల్లో పనిచేసే ఆమె అయ్యుంటుంది. పిల్లల గోరీలకు నీళ్లు పోయడం పుణ్యమనుకునే మనిషి. ఈమెను చూసా ఇన్నేళ్లుగా డ్రైవర్లు వణికింది?

"మా కఫీల్ కొడుకు అవ్వా, నేను పనిజేసే ఇంటాయన బిడ్డ," అన్నాడు. పలికేశాడు.

"పేరుండే గుడ్డ గట్టగూడదు. యాడాడోళ్లో గడతారు... ఇప్పే పని నాకు. ఇంద."

గుడ్డ అతని చేతిలో పెట్టింది. ఆమె వేళ్లు బావిలోంచి తీసినట్టున్నాయి. మెడ దగ్గరి గుడ్డే అది. ఎర్రదారం లేదు. పేరున్న చోట సూది చిల్లులు మాత్రం ఉన్నాయి.

ఏ ఊరని అడిగితే రాయచోటి అంది. ఆసియా బీ అంటారంది. ఇంత చీకట్లో ఒక్కదానివే ఇక్కడేం పని అని అడిగాడు.

"పిల్లోళ్లకు దప్పిక," అంది చెంబు ఎత్తుతూ.

అతను గోడ దాటి కారెక్కేదాకా నీళ్లు పోస్తున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది. ఒక్క చెంబులో అన్ని నీళ్లా అన్న ఆలోచన రొట్టెలు కొంటున్నప్పుడు వచ్చింది.

మర్నాడు మామా తమ్ముడు పోలీసుతో వెళ్లాడు. మధ్యాహ్నం భోజనాల దగ్గర చెప్పాడు — పీలికలు చాలానే దొరికాయి, ఒక్కదాని మీదా పేరు లేదు, పట్టుకోవడానికి ఎవరూ లేరు, ఖలాస్. రెడ్డెమ్మ పళ్లెం అక్కడ పెట్టి వంటింట్లోకి వచ్చి గోడకు ఆనుకుంది. నాసర్ వెనకే వచ్చి పాలు అడిగాడు.

శుక్రవారం టీ కొట్లో ఓబులేసు ఇదంతా బాబ్జాన్‌కు చెప్పాడు. మీ దెయ్యం మన రాయచోటిదే, మంచిదే అని నవ్వాడు. పేరు వినగానే బాబ్జాన్ గ్లాసు కింద పెట్టాడు.

ఆసియా బీ అతనికి పెద్దమ్మ. ఒకప్పుడు ఆ దొడ్డి వెనక ఇంట్లోనే పనిచేసేది. పేరున్న గుడ్డతో దిష్టి మూట కట్టి, ఇదే గోడ దగ్గర పట్టుబడింది. జైల్లో ఉంచి ఊరికి పంపారు. సిగ్గు కొద్దీ ఇంట్లో ఎవరూ ఆ మాట ఎత్తరు. దొడ్డిలో ఆ గొంతు అతనూ ఒకసారి విన్నాడు. పలకలేదు.

"ఎప్పుడు పోయింది పాపం?" అన్నాడు ఓబులేసు.

"యాడికి పోయింది? బతికే ఉండాది, రాయచోటిలో మా ఇంట్లోనే. మంచం దిగక శానా ఏండ్లాయ."

పొద్దుగూకితే ఆమె పిలిచినా పలకదు, కళ్లు మాత్రం తెరిచే ఉంటాయి. దానికి ఇంట్లో అందరూ అలవాటుపడ్డారు. బుధవారం పొద్దున మాత్రం బాబ్జాన్ భార్య ఫోను చేసింది. ముసలామె పిడికిలి విప్పి చూస్తే పొడుగాటి ఎర్రదారం పోగు ఉందట.

తడిగా.