ఎడమ పక్క కుర్చీ

గొడుగు అతనిది. తడిసిన కాగితం ఆమెది.

"ఏవండీ, కాస్త చూసుకోండి! నా పాటంతా కడిగేశారు!"

అతను ఉలిక్కిపడి గొడుగు వెనక్కి లాక్కున్నాడు. అప్పటికే ఆలస్యమైపోయింది. ఆమె ఒళ్ళో ఉన్న కాగితం మీద పల్లవి నీలం మడుగైపోయింది. చరణం మాత్రం ఎలాగో ప్రాణాలతో బయటపడింది.

"సారీ అండీ. నా కాగితం తీసుకోండి."

"మరి మీకు?"

"నాకు నోటికి వచ్చు."

"అబ్బో! నోటికి వచ్చినవాళ్ళు కాగితం ఎందుకు తెచ్చుకున్నారో?"

"చేతులు ఊరికే ఉంటే వణుకుతాయని."

ఆమె ఇంకో మాట అనబోయి ఆగిపోయింది. తన చేతులు కూడా అప్పటికి అరగంటగా చున్నీ కింద దాక్కుని ఉన్నాయి మరి.

బయట వాన దంచి కొడుతోంది. ఆ కమ్యూనిటీ హాల్లో ఇరవైమంది దాకా కుర్చీల అంచుల మీద కూర్చుని, లోపల్లోపల పాడుకుంటున్నారు. ఏటా ఆ పేట జనమే కలిసి ఒక నాటకం వేస్తారు. ఈసారి ఇంటిల్లిపాదీ చూసే పాటల నాటకం. ఇరవై ఏళ్ళు అద్దెకున్న ఇంటిని ఖాళీ చేసి వెళ్ళిపోయే ఒక కుటుంబం కథ. ఆ రోజు అమ్మ వేషానికీ నాన్న వేషానికీ ఆడిషన్లు.

ఆమె బేకరీలో కేకుల మీద పేర్లు రాస్తుంది. బేకరీ వాళ్ళక్కది. అతను ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీస్తాడు. నాటకం నడిపించే మాస్టారు రిటైరైన లెక్కల టీచరు కావడంతో పేర్లు గుర్తుండక, మొదటి రోజే అందరికీ పనిని బట్టి పేర్లు పెట్టేశారు. అలా ఆమె 'కేకులమ్మాయి', అతను 'ఎక్స్‌రే' అయ్యారు.

"హార్మోనియం టీచరు వానలో చిక్కుకున్నారు," అన్నారు మాస్టారు గడియారం చూసుకుంటూ. "ఆగే టైం లేదు. ఐదింటికి హాలు కరాటే వాళ్ళకి అప్పగించాలి. ఇద్దరిద్దరు వచ్చి పాడండి. ఆడవాళ్ళు ఎత్తుకోండి, మగవాళ్ళు అందుకోండి."

చీటీలు తీస్తే ఆమెకు జోడీగా వచ్చింది ఆ గొడుగు మనిషే.

ఇంట్లో ఆమె వందసార్లు పాడిన శ్రుతి ఒకటి. ఆ రోజు నోట్లోంచి వచ్చింది ఇంకొకటి. భయం గొంతును రెండు మెట్లు పైకి లాగేసింది. తీరా చూస్తే ఆ ఎత్తులో ఆమె గొంతు గంటలా మోగింది. మాస్టారు చేతిలో పెన్ను ఆగిపోయింది.

అతను అందుకున్నాడు. మొదటి రెండు లైన్లూ ఎలాగో నెట్టుకొచ్చాడు. ఆ ఎత్తులోనే మూడో లైను ఇంకా పైకి వెళ్ళేసరికి అతని గొంతు పుటుక్కున తెగి, సన్నటి ఈలగా మారింది. హాలంతా ఘొల్లుమంది. అతను కూడా నవ్వేసి, మిగతాది పూర్తి చేసి, దణ్ణం పెట్టాడు.

"శ్రుతి సరిపోయిందా ఇద్దరికీ?" అడిగారు మాస్టారు.

అతను ఆమె వైపు చూశాడు.

"సరిపోయింది సార్," అంది ఆమె.

రెండు రోజుల తర్వాత హాలు తలుపుకి లిస్టు అంటించారు. అమ్మ వేషం ఆమెకు. నాన్న వేషం పెద్ద మీసాలున్న ఒక బ్యాంకు ఉద్యోగికి. ఎక్స్‌రేది అట్టడుగున ఉంది. మాట మర్చిపోయినవాళ్ళకి తెర పక్క నుంచి అందించే పని.

ఇక రాడనుకుంది. వచ్చాడు. స్టేజీకి ఎడమ పక్కన తెర వెనక స్టూలు వేసుకుని, స్క్రిప్టు మోకాళ్ళ మీద పెట్టుకుని కూర్చున్నాడు. రోజూ అందరికంటే ముందే వచ్చేవాడు.

"మీరు మాట మర్చిపోయే ముందు మీ ఎడమ కనుబొమ్మ పైకి లేస్తుంది, తెలుసా?" అన్నాడొకరోజు.

"మీరు చూడాల్సింది స్క్రిప్టు. నా కనుబొమ్మలు కాదు."

"స్క్రిప్టులో రోజూ అవే మాటలండీ. కనుబొమ్మ అలా కాదు, రోజుకో రకంగా లేస్తుంది."

ఆమె మొహం తిప్పేసుకుంది. తిప్పేసుకున్న వైపు అద్దం ఉంది. అందులో తన నవ్వు తనకే కనిపించి ఇంకా సిగ్గేసింది.

ఇంకోరోజు టీ తాగుతూ అడిగింది, "అసలు మీరు దీనికెందుకు వచ్చారు?"

అతను కప్పు అంచు చుట్టూ వేలు తిప్పుతూ కూర్చున్నాడు.

"రోజుకి అరవైమంది వస్తారండీ నా దగ్గరికి. గాలి పీల్చండి, ఆపండి, వదలండి. అంతే నా డైలాగులు. అదీ అద్దం వెనక నుంచి. అందరి ఎముకలూ చూస్తాను గానీ మొహం చూసే తీరికుండదు. ఒక్కసారి అద్దానికి ఇవతల నిలబడి, నాలుగు మాటలు ఎక్కువ మాట్లాడదామనిపించింది."

"తీరా వస్తే ఇక్కడ కూడా తెర వెనకే..." అంటూ మొదలుపెట్టి, అది తన వల్లేనని గుర్తొచ్చి కప్పు కడగడానికి లేచింది.

శ్రుతి సంగతి ఆ రోజే చెప్పేద్దామనుకుంది. బ్యాంకాయన వచ్చి పక్కన కూర్చున్నాడు. మర్నాడు చెప్దామనుకుంది. మర్నాడు అతను మరీ సరదాగా ఉన్నాడు. ఎందుకు చెడగొట్టడం అనుకుంది. అలా మూడు వారాలు గడిచిపోయాయి. చెప్పని మాట పంటి కింద రాయిలా రోజూ తగులుతూనే ఉంది.

నాటకానికి ఇంకా పది రోజులుందనగా, బేకరీకి ఒక పెద్దాయన వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, జేబులో కళ్ళజోడు, పనిచేసి పనిచేసి గరుకెక్కిన పెద్ద పెద్ద చేతులు.

"కేకు కావాలమ్మా. వచ్చే వారం ఆదివారానికి. మా వాడు నాటకంలో హీరో."

ఆమె ఆర్డరు పుస్తకంలోంచి తలెత్తింది. "ఏ నాటకమండీ?"

"ఇక్కడే, హాల్లో. నాన్న వేషం. వాడికి సిగ్గు, నోరు విప్పి చెప్పడు. ఎలా జరుగుతోందిరా అంటే బాగానే ఉంది నాన్నా అంటాడు. పనిచేసేది ఎక్స్‌రే గదిలో కదా, వాడి మనసులో ఏముందో మనమే ఎక్స్‌రే తీసుకోవాలి." తన జోకుకి తనే నవ్వాడు. "నేను లిఫ్టు మెకానిక్కునమ్మా. ముప్పై ఏళ్ళలో ఎంతమందిని పైకి పంపానో లెక్కలేదు. అంటే... లిఫ్టులో లే! మా ఇంట్లో స్టేజీ ఎక్కేది మాత్రం వీడొక్కడే. వీధి వీధంతా చెప్పేశాను."

"కేకు మీద ఏం రాయమంటారు?"

"నాన్న వేషానికి నాన్న దీవెన, అని. పట్టదంటావా?"

"పడుతుందండీ," అంది. ఆ మాట రాసుకుంటుంటే పెన్ను రెండుసార్లు ఆగింది.

ఆయన వెళ్ళగానే అక్క పొయ్యి దగ్గర్నుంచి తొంగి చూసింది. "ఏమైందే? మొహం మాడిపోయిన బన్నులా పెట్టావు?"

జరిగినదంతా చెప్పింది. అక్క చేతులకున్న పిండి దులుపుకుంటూ చివరిదాకా విన్నది.

"భయపడితే శ్రుతి ఎవరికైనా పైకెక్కుతుంది. అది నీ తప్పు కాదు. కానీ మాస్టారు అడిగినప్పుడు సరిపోయిందన్నావు చూడు, అది మాత్రం తప్పే. కేకు మీద అక్షరమైతే గీకేసి నేను మళ్ళీ రాయించేదాన్ని. ఇది నువ్వే దిద్దుకోవాలి."

"అతను ఇంక నాతో మాట్లాడకపోతే?"

"ఓహో," అంది అక్క. కాసేపు చెల్లెలి మొహంలోకి చూసి గొంతు తగ్గించింది. "అంతదాకా వచ్చిందా? అయితే ఇప్పుడే వెళ్ళు. ఆప్రాన్ విప్పి వెళ్ళు."

ఎక్స్‌రే గది ముందు బెంచీ మీద కట్లు కట్టుకున్నవాళ్ళ మధ్య కూర్చుంది. అతను తలుపు తీసి "తర్వాత ఎవరు?" అంటూ ఆమెను చూసి కంగారుపడ్డాడు.

"ఏమైంది? ఎక్కడ తగిలింది?"

"ఎక్కడా తగల్లేదు. మాట్లాడాలి."

బయట మెట్ల దగ్గర నిలబడ్డారు. ఆమె మధ్యలో ఆపకుండా చెప్పేసింది, ఆగితే మళ్ళీ నోరు రాదని. శ్రుతి రెండు మెట్లు పైకి ఎత్తుకున్నాననీ, అది అప్పుడే తెలిసిందనీ, తెలిసే సరిపోయిందన్నాననీ, ఆ వేషం తనకి కావాలనిపించిందనీ. చివర్న, వాళ్ళ నాన్నగారు కేకు ఆర్డరివ్వడం గురించి కూడా.

అతను రెయిలింగు పట్టుకుని కింద రోడ్డు వైపు చూస్తూ నిలబడ్డాడు.

"శ్రుతి సంగతి నాకు తెలుసు," అన్నాడు. "మీరు ఎత్తుకున్నప్పుడే తెలిసింది. నాన్న సంగతే తెలీదు."

"తెలిసి ఎందుకు ఊరుకున్నారు?"

"మీరే చెప్తారనుకున్నాను. మొదటి వారం బాగా కోపం వచ్చింది. అబద్ధమెందుకు! ఈ రోజు చెప్తుందా, రేపు చెప్తుందా అని చూడ్డానికే రిహార్సల్‌కి వచ్చేవాణ్ణి. రెండో వారానికి ఎదురుచూడటం అలవాటైంది. మూడో వారానికి..." ఆమె వైపు తిరిగాడు. "దేనికోసం ఎదురుచూస్తున్నానో మర్చిపోయి, ఊరికే మీకోసం చూడటం మొదలైంది."

లోపలి నుంచి ఎవరో "ఎక్స్‌రే బాబూ!" అని కేకేశారు. అతను వెళ్ళిపోయాడు. ఆమె మెట్ల మీద ఒక్కతే నిలబడిపోయింది. ఏడుపొస్తోందో నవ్వొస్తోందో ఆమెకే తెలియలేదు.

ఆ సాయంత్రం రిహార్సల్‌లో అందరి ముందూ మాస్టారికి చెప్పింది. ఆయన కళ్ళజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నారు.

"శ్రుతి ఇవ్వాల్సింది నేను. తొందరలో వదిలేశాను. అందులో సగం తప్పు నాది."

బ్యాంకాయన లేచాడు. "నేను తప్పుకుంటాను సార్. అతనిది అతనికివ్వండి."

"వద్దండీ," అన్నాడు ఎక్స్‌రే తెర పక్క నుంచి. "మీరు సెలవు పెట్టి మరీ నేర్చుకున్నారు. ఆ వేషం ఇప్పుడు మీదే. నాకు దక్కనిది ఆ ఒక్క రోజు ఆడిషన్. అది ఇప్పుడు ఎవరూ తిరిగివ్వలేరు."

ఆ మాటలో నిష్ఠూరం లేదు. అందుకే ఆమెకు మరీ గుచ్చుకుంది.

ఇంట్లో నాన్నకు చెప్పడమే అతనికి కష్టమైంది. మర్నాడు ఆమెకు చెప్పాడు.

"నేను హీరోని కాదు నాన్నా, మాటలు అందిస్తానంతే అన్నాను. నాన్న వెళ్ళి చొక్కా ఇస్త్రీ చేసుకున్నాడు. అది అప్పటికే ఇస్త్రీ చొక్కా. తర్వాత వచ్చి, నువ్వు ఏ పక్కన కూర్చుంటావు అనడిగాడు. ఎడమ పక్కన, తెర వెనక అన్నాను. అయితే నేనూ ఎడమ పక్కనే కూర్చుంటాలే అన్నాడు."

పెద్దాయన బేకరీకి ఫోన్ చేశాడు. "కేకు అలాగే ఉండనీ అమ్మా. మాట మాత్రం మార్చు. మా వాడికి అని రాస్తే చాలు."

ఆదివారం మధ్యాహ్నం మూడింటికి హాలు నిండింది. పెద్దాయన ముందు వరసలో ఎడమ చివరి కుర్చీలో కూర్చున్నాడు. అక్కడి నుంచి స్టేజీ సగమే కనిపిస్తుంది.

"మధ్యలో సీట్లున్నాయండీ," అని చెప్పింది టికెట్లు చూసే ఆవిడ.

"ఇక్కడే బాగుందమ్మా."

నాటకం బాగా నడిచింది. జనం నవ్వాల్సిన చోట నవ్వారు. నవ్వకూడని ఒక చోట కూడా నవ్వారు. చివరి పాట వచ్చింది. ఖాళీ అయిన ఇంటి తలుపు మీద చెయ్యి వేసి నాన్న పాడాలి. హార్మోనియం మొదలైంది. బ్యాంకాయన చెయ్యి వేశాడు. పెదవులు కదల్లేదు. హార్మోనియం టీచరు అదే వరస మళ్ళీ వాయించారు. అయినా కదల్లేదు. పక్కనే నిలబడ్డ ఆమెకు ఆయన కళ్ళు కనిపించాయి. వాటిలో పాట లేదు, భయమే ఉంది. ఆ భయం ఆమెకు బాగా తెలుసు.

ఆమె ఎడమ పక్కకి చూసింది.

గుసగుసగా మాట అందిస్తే హార్మోనియంలో కలిసిపోతుంది. అందినా రాగం అందదు. అతను స్క్రిప్టు స్టూలు మీద పెట్టి లేచి నిలబడ్డాడు. పాడాడు. పైకి కాదు, తన శ్రుతిలో, నెమ్మదిగా.

"తలుపు మూసి వచ్చాను గానీ, ఇల్లు నా వెంటే వచ్చింది..."

ఒక్క లైనే. గొంతు ఎక్కడా తెగలేదు. హాలు నిశ్శబ్దమైపోయింది. ఎవరు పాడారో తెలియని జనం, ఖాళీ ఇల్లే పాడిందనుకున్నారు. బ్యాంకాయన ఊపిరి పీల్చుకుని రెండో లైను అందుకున్నాడు. ఆమె కూడా గొంతు కలిపింది.

ముందు వరసలో పెద్దాయన సగం లేచి మళ్ళీ కూర్చున్నాడు.

"మా వాడు," అన్నాడు పక్కనావిడతో.

"ఏ వేషమండీ?"

"వేషం లేదమ్మా. వాడే."

నాటకం అయిపోయాక అందరూ కుర్చీలు మడతపెడుతున్నారు. కేకు ముక్కలు పంచిపెట్టడం కూడా అయిపోయింది. పెద్దాయన అక్కతో ఏదో పెద్ద చర్చలో పడ్డాడు. మాటల మధ్యలో ఇద్దరూ ఒకేసారి ఇటు చూసి, ఒకేసారి చూపు తిప్పుకుంటున్నారు. ఆమె స్టేజీ మెట్ల మీద కూర్చుంది. అతను వచ్చి ఒక మెట్టు కింద కూర్చున్నాడు.

"రేపటి నుంచి రిహార్సల్ లేదు," అన్నాడు.

"అవును."

"సాయంత్రం ఆరింటికి ఏం చెయ్యాలో తెలియట్లేదు."

"మా షాపు ఎనిమిదింటిదాకా తెరిచే ఉంటుంది."

"రోజూ కేకు కొనలేను కదండీ."

"కొనమని ఎవరన్నారు? రమ్మన్నాను."

అతను తల పైకెత్తి ఆమె మొహంలోకి చూశాడు. ఆమె ఈసారి మొహం తిప్పుకోలేదు.

"అయితే ఆరింటికి?"

"ఐదున్నరకి."

మర్నాడు అతను ఐదుంబావుకే వచ్చాడు. ఆమె అప్పటికే గుమ్మంలో నిలబడి ఉంది.

"లోపలికి రమ్మనవే," లోపలి నుంచి అక్క కేకేసింది. "ఇంటి మనిషిని గుమ్మంలో నిలబెడతారా ఎవరైనా?"