దక్షిణం గీత దగ్గర గడ్డి మొలవదు

మా టాలిసన్ కాలేజీ అమెరికన్ ఫుట్‌బాల్ మైదానంలో దక్షిణపు గోల్ గీతను ఆనుకుని చాపంత మేర గడ్డి మొలవదు. విత్తనం చల్లినా మొలవదు, పచ్చగడ్డి తెచ్చి అతికించినా వారంలో మాడిపోతుంది. పూర్వం ఎవడో ఆటగాడు అక్కడ పడి మళ్ళీ లేవలేదంటారు. వాడి పేరేమిటంటే ఎవరూ చెప్పరు. ఏ సంవత్సరమంటే తలా ఒకటి చెబుతారు. కానీ పెద్ద ఆటకు ముందురోజు రాత్రి అక్కడ నేల గోకుతున్న చప్పుడు విన్నామనేవాళ్ళు మాత్రం ఊళ్ళో నలభై మంది దొరుకుతారు.

దెయ్యాల సంగతి నాకు తెలియదు. ఇరవై ఆరేళ్ళుగా ఆట ఉన్న ప్రతి శనివారం స్టేడియం బయట పొయ్యి పెట్టి పంది పక్కటెముకలు కాలుస్తున్నాను, నాకు తెలిసిందల్లా పొగ. ఇప్పుడు చెప్పేది మైదానం చూసుకునే రాయిస్ టిబ్బెట్స్, రాత్రంతా కునుకు లేని మొహంతో నా పొయ్యి దగ్గర నిలబడి చెప్పిన మాట. పదకొండేళ్ళు ఆ గడ్డితో కుస్తీ పట్టినవాడు. ఇప్పుడు వేరే ఊళ్ళో ఉన్నాడు కాబట్టి బయటపెడుతున్నాను.

తోడేళ్ళతో ఆటకు ముందు శుక్రవారం అది. తోడేళ్ళంటే నది అవతలి కాలేజీ వాళ్ళు. మేం కందిరీగలం. వరసగా ఏడేళ్ళు వాళ్ళ చేతిలో ఓడిపోయాం. ఆ వారం పెళ్ళికి వెళ్ళినా మా ఊళ్ళో అందరికీ పసుపు చొక్కాయే. పైగా అసలు గడ్డి మీద అదే ఆఖరి ఆట. సోమవారం అంతా తవ్వేసి ప్లాస్టిక్ గడ్డి పరుస్తామని స్టేడియం ఆఫీసు వాళ్ళు చెప్పేశారు. మమ్మల్ని అడిగారా? ఎందుకడుగుతారు!

సాయంత్రమంతా వాన. గీతలకు తెల్లరంగు వెయ్యడం రాయిస్‌కి రాత్రి పదకొండు దాటాక గానీ కుదరలేదు. స్టేడియం మొత్తానికి ఒక్క దీపం. చుట్టూ ఎనభై వరసల ఖాళీ సీట్లు... రంగు బండి చక్రం కీచుమంటే ఆ చప్పుడు తిరిగి వాడి మీదికే వస్తోంది.

ఉత్తరం నుంచి మొదలుపెట్టాడు. దక్షిణం గీత ఇంకో ఇరవై అడుగులుందనగా బండి ఆపి నడుం నిటారు చేసుకున్నాడు. అప్పుడు—

గర్ర్... గర్ర్...

చక్రం కాదు. బండి ఆగే ఉంది.

చీకట్లో తెల్లగా ఏదో నేల మీదికి ఒంగి ఉంది. తల కనపడలేదు. గోకుతోంది. ఆగుతోంది. గుసగుసగా మాట్లాడుతోంది. రాయిస్ ఊపిరి బిగపట్టి విన్నాడు.

“జరగండి... కాస్త సర్దుకోండి... ఇంకొకరున్నారు...”

గేటు వైపు పరిగెత్తబోయాడు. చివరికి కోపమే వాణ్ణి నిలబెట్టిందట. పదకొండేళ్ళుగా చల్లిన విత్తనమంతా గుర్తొచ్చి, ఇవాళ అటో ఇటో తేలిపోవాలని టార్చి వేశాడు.

“ఎవరది?... నా గడ్డి మీద ఏం పని?”

తెల్లటిది మెల్లగా తలెత్తింది.

“ఆ దీపం ఆర్పరా రాయిస్. కళ్ళు పోతున్నాయి.”

అర్లీన్ పెటిగ్రూ! తెల్ల వానకోటు, చేతిలో వంటింటి గరిటె, పక్కన కాఫీ డబ్బా. డెబ్బై రెండేళ్ళ మనిషి. ముప్పై ఏళ్ళు మా ఊరి బడి బస్సు నడిపింది. చిన్నప్పుడు రాయిస్ కూడా ఆ బస్సెక్కినవాడే.

“ఆ డబ్బాలో ఏంటమ్మా?”

“ఏంటి కాదు, ఎవరు అను. మా హోయట్.”

హోయట్ ఆవిడ మొగుడు, ఆగస్టులో పోయాడు. ముప్పై ఎనిమిదేళ్ళలో తోడేళ్ళతో ఆట ఒక్కటి కూడా చూడకుండా వదల్లేదు. ఆస్పత్రి మంచం మీద పెళ్ళాన్ని ఒకటే అడిగాడట — ఈసారి కూడా నన్ను తీసుకెళ్ళు అని. మైదానంలో అస్థికలు కలిపితే పోలీసులకు పట్టిస్తామని, ఇక జన్మలో టికెట్ ఇవ్వమని గేటుకు బోర్డు కట్టి ఉంది. ఆవిడ ఆ బోర్డు కిందనుంచే నడిచొచ్చింది.

రాయిస్ డబ్బా వైపు చూశాడు. మాడిన నేల వైపు చూశాడు. ఆ బూడిదలో ఉప్పుంటుంది, ఉప్పు పడ్డచోట గడ్డి బతకదు. అది వాడికి తెలియని సంగతి కాదు.

“అమ్మా... ఇందాక జరగమన్నది... ఎవర్ని?”

“ఇంతకుముందు ఇక్కడ కలిపినవాళ్ళని. బ్యాండు మాస్టారు లూథర్‌ని. పోస్టాఫీసు ఐడాని. రొట్టెల కొట్టు అన్నదమ్ములిద్దర్నీ. ఇంకా ఉన్నార్లే... ఒక కుక్క కూడా ఉంది, అదెవరిదో నాకు తెలీదు.”

“పదకొండేళ్ళు నన్ను చంపుకు తిన్నారు కదమ్మా! దెయ్యమనుకుని మా ఆవిడ చేత ప్రార్థనలు కూడా చేయించాను!”

“మంచిదేగా. వాళ్ళకే చేరుంటాయి.”

రాయిస్ నవ్వలేదు. కాపలా గదికి ఒక్క కేక వేస్తే చాలు. వెయ్యలేదని తెలిస్తే మాత్రం ఉద్యోగం ఊడుతుంది.

“సోమవారం ఇదంతా తవ్వి లారీల్లో ఎత్తుకుపోతారమ్మా.”

“ఎత్తుకుపోనీ. నాక్కావాల్సింది సోమవారం కాదు, రేపు. పిలుచుకో, ఎవర్ని పిలుస్తావో పిలుచుకో. నా సీటు పీకేసుకోమను. ఈయన్ని మాత్రం ఇంటికి తీసుకెళ్ళను.”

గరిటె వదల్లేదావిడ. రాయిసే దాన్ని లాక్కున్నాడు.

“గరిటెతో గడ్డి కోస్తారా ఎవరైనా? లేవండి, నన్ను చూడనివ్వండి.”

బండిలోంచి పార తెచ్చి, మాడిన నేలను ఆనుకుని సరిగ్గా గోల్ గీత కిందే కోసి, గడ్డిని దుప్పటిలా వెనక్కి మడిచాడు. ఆవిడ డబ్బా వంచింది. మళ్ళీ గడ్డి కప్పి పైన తెల్లగీత గీశాడు. అంత తిన్నని గీత తన జన్మలో గీయలేదన్నాడు నాతో.

ఇక శనివారం. గడియారంలో నాలుగు సెకన్లు. మేం నాలుగు పాయింట్లు ముందున్నాం. బంతి తోడేళ్ళ దగ్గర, దక్షిణం గీతకు అడుగు దూరంలో; బంతితో గీత దాటితే ఆట వాళ్ళదే. ఆఖరి ప్రయత్నం. వాళ్ళ పెద్ద కుర్రాడు బంతిని కడుపుకు హత్తుకుని మావాళ్ళ తలల మీంచి దూకాడు... ఆ వీడియో మేం వందసార్లు చూశాం. మావాళ్ళలో ఒక్కడి చెయ్యీ వాడికి తగల్లేదు. గాలిలో... సరిగ్గా గీత మీద... ఆగిపోయాడు. వెనక్కి పడ్డాడు.

టీవీ వాళ్ళు మైకు పెడితే వాడి పెదవులు పాలిపోయి ఉన్నాయి. “తోశారు... ఎవరో... ఒక్కరు కాదు” అన్నాడు. ఓటమి ఒప్పుకోలేక వాగుతున్నాడని ఆఫీసు వాళ్ళు కొట్టిపారేశారు. కొట్టిపారేసుకోనీ. గెలిచింది మేం.

సోమవారం యంత్రాలొచ్చాయి. అర్లీనూ నేనూ కంచె పట్టుకుని నిలబడి చూశాం. దక్షిణం గీత మట్టి లారీలో పడి, లారీ గేటు దాటి పోయింది. ఆవిడ ఏడవలేదు. నేనే ఆగలేక చెవిలో అడిగాను.

“అక్కా... శనివారం ఆ కుర్రాణ్ణి ఆపింది... హోయట్ బావేనా?”

ఆవిడ నన్నో వెర్రిదాన్ని చూసినట్టు చూసింది.

“ఆయనొక్కడేంటే? ఆఖరి ప్రయత్నానికి ఎవరైనా కూర్చుని చూస్తారా? అందరూ లేచుంటారు.”